మంథని ఇంజన్

చావింట్లో పొయ్యి రాజేయరు కనుక మా ఇంట్లోనే చాయ్ కాచి, కెటిల్ పట్టుకొని పక్కింటి కాక వాకిట్లోకి వెళ్లాను. వాగు ఒడ్డున దహనం చేసి, మునిగి వచ్చిన మగవాళ్లు తడి తువ్వాళ్లతో అరుగు మీద కూర్చొని ఉన్నారు. అందరిదీ ఒకటే మాట. "దిల్‌దార్ మనిషి. దేనికి బెదిరేటోడు గాదు. వాగు ఎంతొచ్చినా బండి దాటిచ్చేటోడు" అని. నాకు ఒళ్లు మండింది. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పుకోవడం మర్యాదే, కాదనను. కానీ మరీ ఇంత అబద్ధమా? గ్లాసులు వాళ్ల ముందు టకటకా పెట్టేసి వచ్చాను. చావిల్లు కాకపోతే అక్కడే మొహం మీద అనేదాన్ని. కాకంత పిరికి మనిషిని నేను పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి చూడలేదు.

బల్లికి భయం. ఫోన్ మోగితే భయం. డాక్టర్ తల పంకిస్తే భయం, పంకించకపోతే ఇంకా భయం. ఆకాశంలో అరచేతి మందం మబ్బు కనబడితే చాలు, నడి ఎండాకాలంలోనైనా సరే, బండి మీద పరదా బిగించేవాడు. మలుపు వస్తే హారన్ కొట్టేవాడు. మలుపు లేని చోట కూడా "ఏమో, బర్లు అడ్డమొస్తయి" అని కొట్టేవాడు. ఆసిఫాబాద్ రోడ్డు మీద అతని వెనక చిక్కుకున్నవాళ్లు తిట్టని తిట్టు లేదు. మనిషి మాత్రం ఎవరు ఏ కష్టం చెప్పుకున్నా ఒకటే జవాబిచ్చేవాడు. "ఫికర్ చెయ్యకు బిడ్డా, నేను చేస్తున్న గద." అది ఓదార్పు మాట అని మొదట్లో అనుకునేదాన్ని. కాదు. నిజంగానే చేసేవాడు. మా అంగన్‌వాడీకి గుడ్లు రాకపోతే నాకంటే ముందు అతని మొహం వాడిపోయేది.

నాకు అతను రక్తసంబంధం కాదు. పక్కింటివాడు. చిన్నప్పటి నుంచి కాక అని పిలిచాను, అతని భార్యను చిన్నమ్మ అన్నాను. వాళ్లకు పిల్లలు లేరు. ఆసిఫాబాద్ నుంచి లోపలికి, వాగు దాటి వచ్చే ఊరు మాది. కాక దగ్గర ఓ పాత పికప్ బండి ఉండేది. చుట్టుపక్కల అంగళ్లకు దాంట్లో కూరగాయలు తోలేవాడు. ఎవరైనా పోతే శవాన్ని ఉంచడానికి ఆసిఫాబాద్ నుంచి అద్దెకు తెచ్చే చల్లపెట్టె కూడా అందులోనే వచ్చేది.

చిన్నమ్మ వేరే తీరు. సన్నగా, నల్లగా, నోట్లో ఎప్పుడూ ఓ ఎకసెక్కం. "మీ కాక నా మెడల పుస్తె కట్టేటప్పుడు చెయ్యి గజగజ వణికింది. మూడు ముళ్లల్ల ఒకటి నేనే ఏసుకున్న" అని నలుగురిలో చెప్పేది. కాక నవ్వి ఊరుకునేవాడు. అలాంటి మనిషికి కిడ్నీలు పాడయ్యాయి. మంగళవారం, శుక్రవారం మంచిర్యాల దవాఖానకు పోయి రక్తం శుభ్రం చేయించుకోవాలి. ఆమె వంతు పొద్దున్నే. మా ఊరికి బస్సు మధ్యాహ్నం వస్తుంది, అదీ వాగు దయ ఉంటే. వానాకాలం ఆటోవాళ్లు వాగు అవతలే ఆగిపోతారు. కాక బండి ఎత్తు కనుక మోకాలి లోతు నీళ్లున్నా దాటేది. అంటే లెక్క సూటిగానే ఉంది. ఆ బండి నడిచినన్నాళ్లు చిన్నమ్మ బతుకుతుంది.

అందుకే పొద్దున్నే కాకకు రెండు పనులు. ముందు చిన్నమ్మ ఎడమ చెయ్యి పట్టుకొని, డాక్టర్లు నరాలు కలిపి కుట్టిన చోట అరచెయ్యి ఆనించేవాడు. అక్కడ రక్తం గురగురమంటూ చేతికి తగలాలి. తగలకపోతే సూది దిగదు. తగిలిందాకా ఊపిరి బిగబట్టేవాడు. తర్వాత వాకిట్లోకి వచ్చి బండి చాలూ చేసి, బానెట్ మీద అదే అరచెయ్యి పెట్టేవాడు. రెండూ సరిగ్గా ఉన్నాయనిపిస్తే తలపాగా చుట్టుకునేవాడు. సీటు బెల్టు తెగిపోయి ఏనాడో పోయింది కనుక చిన్నమ్మ పాత చీరను మడిచి ఆమెను సీటుకు కట్టేవాడు. "నన్ను అంగడికి కోడిని తోలినట్టు తోల్తుండు సూడు" అని ఆమె నాకు కిటికీలోంచి చెప్పేది.

భయపడేవాడి బండి చెడిపోదని ఎక్కడా లేదు. ఓ శుక్రవారం మంచిర్యాల నుంచి తిరిగి వస్తుంటే రెబ్బెన దాటాక ఇంజన్ టకటకమని కొట్టుకొని, ఆవిరి కక్కి ఆగిపోయింది. ఆసిఫాబాద్‌లో మెకానిక్ ఒకాయన ఉన్నాడు. అందరం ఉస్తాద్ అంటాం. బండిని ఆయన షెడ్డుకు గుంజుకుపోయారు. ఆయన ఆయిల్ పుల్ల బయటికి తీసి చూపించాడు. నల్లగా ఉండాల్సింది చాయ్ రంగులో ఉంది.

"బ్లాక్ పగిలింది కాకా. నీళ్లు ఆయిల్ల గలిసినయ్. అతుకేస్తె ఎన్నొద్దులు నడుస్తదో నేను చెప్పలేను. చిన్నమ్మను ఎక్కిస్కొని పోయే బండి. ఇంజనే మార్చు" అన్నాడు.

ఇంజన్ మార్చడమంటే కొత్తది కొనడం కాదు. మా వైపు కొత్త ఇంజన్ మాట ఎవరూ ఎత్తరు. ఇంకో బండిలోంచి తీసింది వెతికి తెచ్చుకోవాలి. అది దొరికేలోగా వానలు దిగాయి. తర్వాతి మంగళవారం ట్రాక్టర్‌లో వాగు దాటించి, అవతల ఆటో మాట్లాడాం. ఆ కుదుపులకు చిన్నమ్మ రోడ్డు మీదే వాంతి చేసుకుంది. శుక్రవారం వాగు ట్రాక్టర్‌ను కూడా రానివ్వలేదు. వంతు తప్పింది. ఆదివారానికి మొహం ఉబ్బి, కళ్లు గీతలైపోయాయి. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చుంది. కాక వాకిట్లోంచి ఇంట్లోకి, ఇంట్లోంచి వాకిట్లోకి. వాగు తగ్గగానే తీసుకెళ్తే, దవాఖానలో మిషన్ ఎక్కించారు. "మళ్లీ శుక్రవారం. అది మాత్రం తప్పిందంటే నన్ను అడగొద్దు" అని డాక్టర్ చెప్పేసింది.

శుక్రవారంలోగా ఇంజన్ కావాలి. మా అవ్వను చిన్నమ్మ దగ్గర కూర్చోబెట్టి కాకా నేనూ కరీంనగర్ బస్సెక్కాం. నేనెందుకంటే, కాక దుకాణంవాడు ఏం చెప్తే దానికి తల ఊపే రకం. నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. అది అక్కడ పనికొస్తుందని చిన్నమ్మే నన్ను పంపింది.

కరీంనగర్‌లో పాత ఇంజన్లు అమ్మే వీధి ఒకటుంది. దుకాణాల ముందు పాత టైర్ల మీద ఇంజన్లను వరసగా కూర్చోబెడతారు. అడిగితే సీసాలో డీజిల్ పోసి, పైపు తగిలించి, బ్యాటరీ తీగలు ముట్టించి అక్కడికక్కడే చాలూ చేసి చూపిస్తారు. ఉస్తాద్ బయలుదేరేటప్పుడే హెచ్చరించాడు. "చల్లగున్నదాన్నే చాలు చెయ్యమనున్రి. మీరు పోకముందే ఉడుకు జేసి పెడ్తరు. ఉడుకు మీద ముసల్ది గూడ ఉరుకుతది. ముందుగాల చెయ్యి పెట్టి చూడు కాకా."

చెయ్యి పెట్టడంలో కాకను మించినవాడు లేడు. మొదటి దుకాణంలో పెట్టాడు. నా చెవి దగ్గరికి వచ్చి "ఉడుకున్నది బిడ్డా" అన్నాడు, ఏదో తనదే తప్పన్నట్టు. రెండో దుకాణంలోనూ అంతే. దుకాణంవాళ్లతో జగడం నేను పెట్టుకున్నాను. ఇంకోచోట నిజంగా చల్లగా ఉన్నది దొరికింది. చాలూ చేస్తే దమ్ముగా పలికింది, పొగ కూడా లేదు. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు కాక దుకాణంవాడిని మెల్లగా అడిగాడు.

"అన్నా, గీ బండిల ఎవలన్న పోయిండ్రా?"

"ఎవలు పోలే. ఒట్టు. ఓనర్ కొత్త బండి కొన్నడు."

ఆ ఒట్టు వేసిన తీరు చూస్తేనే అబద్ధమని తెలుస్తోంది. కాక చేతులు తుడుచుకొని వీధిలోకి వచ్చేశాడు. నాకు మండిపోయింది. "చల్లపెట్టె నీ బండిల్నే తెస్తవు గద కాకా. గప్పుడు లేని పట్టింపు గిప్పుడేంది?"

"పెట్టెను మోసుడు వేరు బిడ్డా. గది దిగిపోతది. ఇంజన్ దిగదు గద. మీ చిన్నమ్మను దాని ఎనక కూసోవెట్టాలె. నాకు భయమైతది."

అలా ఇంకొన్ని దుకాణాలు. అన్ని చోట్లా అదే ప్రశ్న, అదే ఒట్టు. వీధి చివర ఓ ముసలి వ్యాపారి మాత్రం ఒట్టు వేయలేదు. నవ్వాడు.

"నువ్వు మంచోని లెక్క ఉన్నవ్, నీకు అబద్ధం చెప్ప. బండికి దెబ్బ తగలకుంటె ఇంజన్ మా దగ్గరికెందుకొస్తది? ఏం కాని బండిని ఓనర్ అరిగిందాక నడుపుకుంటడు. నీకు ఈడు మీదున్న ఇంజన్ గావాలె, దాని ఎనక ఎవలు ఏడ్వొద్దు. గసొంటిది నా దగ్గర లేదు, కరీంనగర్లనే లేదు." కాసేపాగి మళ్లీ అన్నాడు. "మంథని దగ్గర ఒకటున్నది. నీ బండి అసొంటిదే. కొడుకు పోయిండు. తండ్రి బండిని పలగ్గొట్టనిస్తలేడు. మా వాళ్లను రెండు మూడు సార్లు ఎల్లగొట్టిండు. ఇంజన్ మాత్రం బంగారం."

కాక అప్పటికే వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతున్నాడు. సరిగ్గా అప్పుడు మా అవ్వ ఫోన్ చేసింది. చిన్నమ్మకు మళ్లీ ఎగపోత మొదలైందని, కూర్చోబెడితేనే ఊపిరి అందుతోందని చెప్పింది. నేను ఫోన్ కాక చెవికి ఆనించాను. అటు నుంచి చిన్నమ్మ దగ్గు వినిపించి ఉంటుంది. ఫోన్ నా చేతికిచ్చి, "పా బిడ్డా, మంథని పోదాం" అన్నాడు. పెద్దపల్లిలో బస్సు మారి మంథని చేరిందాకా కిటికీ చువ్వను పట్టుకునే ఉన్నాడు. "అడుగుడే అడుగుదాం. వద్దంటె మంచిదే" అని తనకు తానే చెప్పుకుంటున్నాడు.

ఊరి చివర, వరి మడులను ఆనుకొని ఉంది ఆ ఇల్లు. వాకిట్లో తెల్ల పికప్. లారీ పక్క నుంచి గుద్దిందట, డ్రైవర్ వైపు తలుపు లోపలికి నలిగిపోయింది. ముందు భాగం మీద గీత కూడా లేదు. దుమ్ము కూడా లేదు, ఎవరో రోజూ తుడుస్తున్నారు. ఆ పెద్దాయన బక్కగా, పొడుగ్గా ఉన్నాడు. డెబ్బై దాటి ఉంటాయి. మేం ఎందుకొచ్చామో నేనే చెప్పాను.

"ఇనుపసామానోళ్లు గాదు గద?" అన్నాడు అనుమానంగా. కాదని తేలాక బండి వైపు నడిచాడు. "ఇంజన్ మంచిగున్నది. దినాం పొద్దుగాల చాలు జేస్త. నా కొడుకు గదే యాళ్లకు కూరగాయల గంజ్‌కు తీసేటోడు. వాడు పోయినంక నాకు తెల్లారినట్టే అనిపియ్యది. గీ చప్పుడైతేనే లేసి మొకం కడుక్కుంట."

కాక బానెట్ కింద చెయ్యి పెట్టి చూశాడు. చల్లగా ఉంది. పెద్దాయన అవతలి వైపు నుంచి లోపలికి ఒరిగి తాళంచెవి తిప్పాడు. ఇంజన్ ఒక్క మాటకే అందుకుంది. ఆ చప్పుడు వినగానే కాక మొహంలో వచ్చిన మార్పు నేను చూశాను. అదే కావలసిన ఇంజన్. నాకే తెలిసిపోయింది. బేరం మాట ఎలా ఎత్తాలా అని నేను చూస్తుంటే కాక అన్నాడు, "వద్దన్నా. మేం పోతం."

పెద్దాయన ఇంజన్ ఆపాడు. "ఏం తక్కువున్నది?"

"ఏం తక్కువ లేదు. నాకు భయమైతుంది."

ఆ మాటకు పెద్దాయన మొహం ఎర్రబడింది. "భయమా? ఏం భయం? నా కొడుకు దయ్యమై పట్టుకుంటడా మిమ్ముల?"

ఇలాంటి మాట ఏ తండ్రితోనైనా అనొచ్చా? కాక చెయ్యి పట్టి గుంజి బయటికి లాక్కుపోదామనుకున్నాను. కానీ కాక రెండు చేతులూ జోడించి ఉన్నాడు.

"దయ్యమని గాదన్నా. ఇందాకటిదాక గదే భయముండె. ఇప్పుడు గది గాదు. దినాం పొద్దుగాల నువ్వు గీ చప్పుడు ఇని లేస్తున్నవు. నేను తీస్కపోతె రేపు పొద్దుగాల నువ్వేమింటవు? గది తల్సుకుంటే పానం జల్లుమంటుంది. నాకు అవసరం శానున్నది. నా ఇంటిది ఇయ్యాలో రేపో అన్నట్టున్నది. అయినా చెయ్యి వస్తలేదు."

అని ఏడ్చేశాడు. కళ్లు తుడుచుకునే ఏడుపు కాదు. వెక్కిళ్లు పెట్టి, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నాకు సిగ్గూ వేసింది, అతని మీద కోపమూ వచ్చింది. ఊళ్లో భార్య ఊపిరికి కొట్టుకుంటోంది, ఇక్కడ ఎవరో ముసలాయన పొద్దు గురించి ఏడుస్తున్నాడు. భయపడటానికి ఆ మనిషికి తన పర భేదం లేదని నాకు ఆ వాకిట్లోనే తెలిసింది. అంత కోపంలోనూ అతని మీద ప్రేమ పుట్టుకొచ్చింది.

పెద్దాయన మంచం వాల్చి కూర్చోమన్నాడు. "చెల్లెకేమైంది?" అని అడిగాడు. కాక మొదటి నుంచీ చెప్పాడు. వాగు, మంచిర్యాల, మంగళవారం, శుక్రవారం, తప్పిన వంతు. పెద్దాయన ఒక్కటే అడిగాడు.

"ఏ యాళ్లకు ఎల్లుతరు?"

"తెల్లారక ముందే అన్నా. కోడి కూతకు."

"మావోడూ గప్పుడే ఎల్లేటోడు." లేచి బండి దగ్గరికి వెళ్లి తాళంచెవి తీసి నడుముకు దోపుకున్నాడు. "తీస్కపోన్రి. ఎద్దును అమ్మితే పలుపు ఇయ్యరు, ఎర్కే గద. ఇంటి లక్ష్మి దాని ఎంట పోతదంటరు. గీ తాళంచెయ్యి నా దగ్గర్నే ఉంటది. ఇంకొకటి. నీ నంబరియ్యి. మంగళవారం, శుక్రవారం నేనే ఫోన్ జేస్త. చాలు జేసి నాకు చప్పుడు వినిపియ్యి."

మేం ఇచ్చిన పైసలు చేతిలోకి తీసుకున్నాడు, చూసుకోలేదు కూడా. మర్నాడు ఉస్తాద్ ట్రాలీ ఆటోలో గొలుసు కప్పీ వేసుకొని వచ్చి ఇంజన్ దించాడు. అది బండిలోంచి పైకి లేస్తుంటే పెద్దాయన ఇంట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. మేం పోయేదాకా బయటికి రాలేదు.

మేం ఆసిఫాబాద్ షెడ్డు చేరేసరికి చిన్నమ్మ అక్కడే ఉంది. మళ్లీ వాన ముసురుకోవడంతో, వాగు రాకముందే మా అవ్వ ఆమెను ట్రాక్టర్ మీద ఇవతలికి చేర్చింది. షెడ్డులో నులక మంచం మీద గోడకు ఆనుకొని కూర్చుంది. ఇంజన్ కిందికి దించగానే చెంబుతో నీళ్లు అడిగింది.

"కొత్త ఎద్దు ఇంటికొస్తె కాళ్లు కడగమా?"

పలుపు సంగతి మేం ఇంకా ఆమెకు చెప్పనేలేదు. లేచి నాలుగడుగులు వేసి, ఆయాసంతో ఆగి, ఆగి, ఇంజన్ కింద నీళ్లు పోసింది. ఉస్తాద్ పానా పారేసి పరిగెత్తుకొచ్చాడు. "అమ్మా, పైన పొయ్యకు! నీళ్లు లోపటికి పోతె మల్ల మంథని పోవాలె!" ఆమె నవ్వింది, ఆ నవ్వు దగ్గయింది. పసుపు తడిపి ఇంజన్ మీద ఇంత బొట్టు పెట్టింది.

రెండూ ఒకే రకం ఇంజన్లే అయినా, బిగించేటప్పుడు ఒక పక్క కూర్చునే దిమ్మ కలవలేదు. ఉస్తాద్ దాన్ని కోసి వెల్డింగ్ పెట్టాడు. పాత ఇంజన్ నుంచి నీళ్ల పైపులు తీసి దీనికి వేశాడు. పట్టపగలే కాక టార్చ్ లైటు పట్టుకొని చుట్టూ తిరిగాడు. "గా బోల్టు బిగించినవా? మల్లోసారి చూడు ఉస్తాద్" అని ప్రాణం తీస్తుంటే, ఆయన చాయ్ తెమ్మని, బీడీలు తెమ్మని మాటిమాటికి పంపాడు. ఆఖరికి "కాకా, ఇంకేం తెచ్చుడొద్దు. ఉట్టిగ గా మూలకు పోయి నిలవడు" అని దండం పెట్టాడు.

గురువారం పొద్దు వాలుతుండగా పని అయింది. చాలూ చేస్తే కాలేదు. పైపులో గాలి పట్టిందని ఉస్తాద్ నట్లు వదులు చేసి డీజిల్ కొట్టాడు. మళ్లీ తిప్పితే గుర్రుమని ఆగింది. అప్పటికే చిన్నమ్మను సీట్లో కూర్చోబెట్టి చీరతో కట్టాం. పెదవులు నల్లబడ్డాయి. ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి కోసం ఆగుతోంది. బయట వాన. తెల్లారితే శుక్రవారం. ఆ క్షణాన నాకు దేవుడి మీద, ఉస్తాద్ మీద, అందరి మీదా కసి వచ్చింది. ఉస్తాద్ బ్యాటరీ మార్చి "ఇగ తిప్పు కాకా" అన్నాడు. కాక స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. తాళంచెవి పట్టిన చెయ్యి ఎంతగా వణుకుతోందంటే గుత్తి గలగలలాడుతోంది. తిప్పడు. చాలూ కాకపోతే ఎలా అని తిప్పడు.

"ఇంకెంతసేపయ్యో? నీ చెయ్యి తియ్" అని చిన్నమ్మ పక్క నుంచి కుడి చెయ్యి చాచి తిప్పేసింది.

ఇంజన్ దగ్గింది, నల్లగా పొగ వదిలింది, అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి. ఉస్తాద్ కేక వేశాడు. చిన్నమ్మ సీటుకు తల ఆనించి కళ్లు మూసుకుంది. "మంచిగనే ఉన్నడు గద పిలగాడు" అంది. కాక స్టీరింగ్ మీద తల పెట్టుకొని మళ్లీ ఏడుపు.

ఆ రాత్రి షెడ్డులోనే ఉండి, తెల్లవారుజామున బయలుదేరుతుంటే ఫోన్ మోగింది. మంథని నుంచి. కాక ఫోన్ తీసుకెళ్లి బానెట్ దగ్గర పెట్టాడు. కాసేపయ్యాక చిన్నమ్మ ఫోన్ లాక్కుంది. "పోయొస్తన్న అన్నా" అంది, ఎన్నో ఏళ్ల పరిచయం ఉన్నట్టు. అవతల ఆయన "పోయి రా చెల్లె" అన్నాడు. ఆమె వంతు తప్పలేదు.

ఆ తర్వాత ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం అదే తంతు. ఆమె "పోయొస్తన్న అన్నా" అంటే గాని కాక గేరు వేసేవాడు కాదు. ఆ పెద్దాయనను చిన్నమ్మ ఒక్కసారి కూడా చూడలేదు. ఇంజన్ మాత్రం వాగులోనూ ఎండలోనూ ఒక్కనాడు మొరాయించలేదు. మొరాయించింది ఆమె ఒళ్లే. మరుసటి వానాకాలం గడిచి చలి మొదలయ్యాక, ఓ శుక్రవారం మిషన్ మీద ఉండగానే గుండె ఆగిపోయింది. కాక చేతిలో ఉన్నది వంతుకు చేర్చడం వరకే, చేర్చాడు.

మంగళవారం వచ్చింది. నేను ఆ ఇంట్లోనే ఉన్నాను. కోడి కూతకు ఫోన్ మోగింది. కాక దాన్ని పామును చూసినట్టు చూశాడు.

"చెప్పేయ్ కాకా" అన్నాను.

"ఎట్ల చెప్తనే? కొడుకు పోయిండు. గా ఇంజన్ ఇంకో పానాన్ని నిలవెడ్తున్నదని బతుకుతున్నడు. గది గూడ పోయిందని ఏ నోటితోని చెప్పాలె? నాతోని గాదు."

వాకిట్లోకి వెళ్లాడు. బండి చాలూ చేశాడు. ఫోన్ బానెట్ దగ్గర పెట్టాడు. తర్వాత చెవికి ఆనించుకొని, "పండుకున్నది అన్నా. ఎక్కంగనే కన్నంటుకున్నది" అన్నాడు. అక్కడితో ఆపలేదు. చెప్పింది అబద్ధం కాకూడదన్నట్టు బండి ఎక్కి వాగు దాకా ఒక్కడే పోయి వచ్చాడు.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం, శుక్రవారం అలాగే. ఓసారి ఆమెకు గొంతు నొప్పన్నాడు, ఓసారి నీరసమన్నాడు. నేను తిట్టాను. ఎన్నాళ్లు మోస్తావన్నాను. వినలేదు. అంగళ్లకు పోవడం మానేశాడు. మిగతా రోజుల్లో మంచం దిగేవాడు కాదు, నేను పెట్టిన అన్నం గిన్నెలోనే ఎండిపోయేది. ఆ రెండు పొద్దులు మాత్రం ముందే లేచి, స్నానం చేసి, ఉతికిన అంగీ వేసుకొని ఫోన్ కోసం గడపలో కూర్చునేవాడు. ముసలాయనకు నిజం చెప్పే ధైర్యం లేక ఇదంతా చేస్తున్నాడని నాకు జాలీ, కోపమూ. అలా ఇంకో వానాకాలం గడిచింది. మొన్న ఆదివారం నిద్రలోనే పోయాడు.

దహనమైన మర్నాడు మంగళవారం. దీపంలో నూనె పోద్దామని తెల్లవారుతుండగా ఆ ఇంట్లోకి వెళ్లాను. గూట్లో ఫోన్ మోగింది. తీశాను.

"ఏంది, ఇయ్యాల చాలు జేస్తలేవా?" అన్నాడు పెద్దాయన.

నా నోటికి మూత లేదని ఊరంతా అంటుంది. అయినా గూడు పట్టుకొని ఎలాగో అన్నాను. "తాతా, నేను పక్కింటి పిల్లను. మీ ఇంటికొచ్చిన. కాక లేడు. మొన్న పోయిండు."

"తిప్పలవడ్డడా?" అని అడిగాడు.

"లేదు తాతా. నిద్రల్నే."

"మంచిగ పోయిండు" అన్నాడు.

ఇక దాచి లాభం లేదనుకున్నాను. "తాతా, ఇంకో సంగతి గూడ చెప్పాలె. మా చిన్నమ్మ..."

"నాకెర్కే బిడ్డా. గా మొదటి మంగళవారమే ఎర్కైంది. పోయొస్తన్న అన్నా అనకుంట గామె ఎన్నడన్న బండి కదలనిచ్చిందా?"

కోపమో ఏడుపో తెలియని గొంతుతో అడిగాను. "మరి ఎర్కై గూడ గిన్నొద్దులు ఎందుకు ఫోన్ జేసినవ్ తాతా?"

"నేను జెయ్యకుంటె వాడు మంచం దిగుతడా బిడ్డా?"

ఆ తర్వాత ఆయన ఫోన్ పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు.